అమ్మమ్మ ఎందుకు పడింది?

ముందుగా ఒక పని చెయ్యండి. పత్రిక పక్కన పెట్టి లేవండి. చెయ్యి చాస్తే గోడ అందేటంత దూరంలో నిలబడండి. ఒక కాలు ఎత్తి, రెండోకాలి మీద నిలబడి అంకెలు లెక్కపెట్టండి. ముప్పై దాకా అవలీలగా వచ్చేశారా? సరే. ఇప్పుడు అదే విధంగా నిలబడి కళ్ళు మూసుకోండి. మళ్ళీ లెక్కపెట్టండి.

ఎక్కువ అంకెలు రాకముందే ఊగిపోయి గోడమీద చెయ్యి వేసి ఉంటారు. చాలామంది సంగతి ఇంతే. నేల కదలలేదు, గాలి వీచలేదు, మీ కాళ్ళలో బలం తగ్గలేదు. మారిందల్లా రెప్పలు మూసుకోవడం ఒక్కటే. చూపుకీ నిలబడడానికీ ఏమిటి సంబంధం?

మీ వయసులో నేనీ ప్రశ్న వేసుకోలేదు. 2016 డిసెంబరులో మా అమ్మమ్మ పడ్డాకనే వేసుకున్నాను.

అప్పుడావిడకు 76 ఏళ్ళు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పెరట్లోకి వెళ్ళబోయింది. ఎవరికీ నిద్రాభంగం కాకూడదని లైటు వేసుకోలేదు. వంటింటి గడప దాటుతూ పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. "ఏం లేదర్రా, కాలు తట్టుకుంది, అంతే" అందావిడ. "పెద్దతనం మరి" అన్నారు చూడవచ్చిన ఇరుగుపొరుగువారు. ఆ ఒక్క మాటతో అందరూ తృప్తిపడిపోయారు.

కాని ఆలోచించి చూడండి. ఆ గడపను ఆవిడ యాభై ఏళ్ళపాటు రోజుకు ఎన్నోసార్లు దాటింది. ముందురోజు కూడా ఆవిడ వయసు 76 ఏళ్ళే. ఆ రోజే ఎందుకు పడినట్టు? "పెద్దతనం" అనేది జవాబు కాదు, ప్రశ్నను కప్పిపెట్టే దుప్పటి. ఆ దుప్పటి తీసి చూద్దాం.

కొనమీద నిలబెట్టిన పెన్సిలు

గరిమనాభి గురించి మీరు బడిలో చదువుకునే ఉంటారు. ఒక వస్తువు బరువంతా ఏ బిందువు దగ్గర ఉన్నట్టు లెక్క కట్టవచ్చునో ఆ బిందువే గరిమనాభి. దాన్నుంచి కిందికి గీసిన నిట్టనిలువు గీత, వస్తువు ఆనుకున్న చోటు లోపల పడితే వస్తువు నిలుస్తుంది. బయట పడితే అది ఒరిగిపోతుంది. ముక్కాలి పీట ఎంత కుదురుగా నిలుస్తుందో, కొనమీద నిలబెట్టిన పెన్సిలు ఎంత తొందరగా పడుతుందో తెలిసిందే గదా!

మనిషి ముక్కాలి పీట కంటే పెన్సిలుకే దగ్గర. నిలబడ్డ మనిషి గరిమనాభి ఇంచుమించు బొడ్డుకు కాస్త దిగువన ఉంటుంది. అంత ఎత్తున ఉన్న బరువుకు కింద ఆధారం రెండు పాదాలూ, వాటి మధ్య జాగా మాత్రమే. నడుస్తున్నప్పుడు ఆ కాస్త ఆధారం కూడా ఉండదు. అడుగడుగునా ఒక కాలు గాలిలోనే ఉంటుంది. నిజానికి నడక అంటే ముందుకు పడబోవడం, పడేలోగా రెండోకాలు అడ్డం వేసి ఆపుకోవడం. ఏడాది నిండిన పిల్లలు తప్పటడుగులు వేస్తూ నేర్చుకునేది ఈ విద్యనే. ఒకసారి వచ్చేశాక దాన్ని విద్యగా ఎవరూ లెక్కచెయ్యరు.

మీరు కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా కదులుతూనే ఉంటారు. శరీరం గడియారపు లోలకంలా, కాకపోతే తలకిందులుగా, కొద్ది కొద్దిగా ముందుకూ వెనక్కూ ఊగుతూ ఉంటుంది. ప్రతి ఊపునూ పిక్కల్లోని, తొడల్లోని కండరాలు సర్దుతూ ఉంటాయి. ఎటు ఊగుతున్నామో, ఎంత ఊగుతున్నామో మెదడుకు క్షణక్షణమూ కబురు అందాలి. ఆ కబుర్లు తెచ్చే వార్తాహరులు ముగ్గురున్నారు.

ముగ్గురు వార్తాహరులు

మొదటిది కన్ను. గోడలు, తలుపులు నిలువుగా ఉన్నాయా, అవి మనకేసి వస్తున్నాయా, దూరంగా జరుగుతున్నాయా అన్నది చూసి, మనం ఎటు ఒరుగుతున్నామో కన్ను చెబుతుంది. ఇందాకటి ప్రయోగంలో మీరు నోరు నొక్కేసింది దీన్నే.

రెండోది చెవి. చెవి ఉన్నది వినడానికే అనుకుంటాం గాని, లోపలి చెవిలో వినికిడితో నిమిత్తం లేని భాగం ఒకటుంది. మూడు అర్ధవర్తుల కుల్యలు, అంటే సగం గాజుల్లా వంగిన సన్నని గొట్టాలు, మూడు వేర్వేరు దిశల్లో అమరి ఉంటాయి. వాటినిండా ద్రవం. తల తిప్పితే గొట్టం తిరుగుతుంది గాని, లోపలి ద్రవం కాస్త వెనకబడుతుంది. బిందెను చటుక్కున తిప్పితే లోపల నీళ్ళు వెంటనే తిరగవు చూడండి, అలాగే. ఆ తేడాను సన్నని రోమాలున్న కణాలు పసిగట్టి మెదడుకు చెబుతాయి. కుల్యల మొదట్లో రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో జిగురుపొర మీద అతిసూక్ష్మమైన స్ఫటికాలు పేర్చి ఉంటాయి. అవి కాల్షియం కార్బొనేటుతో తయారైనవి. అంటే సున్నపురాయి, గుడ్డుపెంకు ఏ పదార్థమో అవీ అదే! తల వంచితే ఈ రాళ్ళు బరువుకు ఒక పక్కకు జారతాయి. దానివల్ల కింద ఏది, పైన ఏది అన్నది తెలుస్తుంది.

వయసు మీరినవారిలో ఒక్కొక్కప్పుడు ఈ రాళ్ళు ఊడి కుల్యలోకి జారుకుంటాయి. అప్పుడు పక్కమీద ఇటునుంచి అటు ఒత్తిగిలితే చాలు, ఇల్లంతా గిర్రున తిరిగినట్టుంటుంది. దీనికి మందూ మాకూ కాదు, తలను ఒక వరసలో అటూ ఇటూ తిప్పి రాళ్ళను కుల్యలోంచి బయటికి దొర్లించే పద్ధతి ఉంది. జాన్ ఎప్లే అనే అమెరికన్ వైద్యుడు 1992లో దాన్ని వివరంగా ప్రచురించాడు. ఇప్పుడు చెవి వైద్యులు దాన్ని కొద్ది నిమిషాల్లో చేసేస్తారు. "కళ్ళు తిరుగుతున్నాయి" అని తాతయ్య అంటే వయసు మీద తోసెయ్యకుండా వైద్యునికి చూపించాలనేది ఇందుకే.

మూడో వార్తాహరుడి సంగతి చాలామందికి తెలియదు. కళ్ళు మూసుకుని మీ చూపుడువేలితో ముక్కు ముట్టుకోండి. సరిగ్గా తగిలింది గదూ? చెయ్యి ఎక్కడుందో చూడకుండా ఎలా తెలిసింది? కండరాల్లో, కీళ్ళలో, పాదాల చర్మంలో ఉన్న నాడీ కొనలు ఎప్పటికప్పుడు "మోకాలు ఇంత వంగింది, మడమ మీద ఇంత బరువు పడింది" అని చెబుతూ ఉంటాయి. చార్లెస్ షెరింగ్టన్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1906లో ఈ జ్ఞానానికి ప్రత్యేకంగా పేరు పెట్టాడు. మనం "ఒంటి ఎరుక" అనుకుందాం. ఆయనకు 1932లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

అంతకుముందే, 19వ శతాబ్దంలో, మోరిట్జ్ రోంబెర్గ్ అనే జర్మన్ వైద్యుడు ఒక వింత గమనించాడు. వెన్నుపాము దెబ్బతిన్న రోగులు కొందరు పట్టపగలు బాగానే నిలబడతారు. మొహం కడుక్కోవడానికి కళ్ళు మూసుకున్నా, చీకటిపడినా తూలిపోతారు. వాళ్ళ మూడో వార్తాహరుడు ఏనాడో మూగబోయాడు. అన్నాళ్ళూ కన్ను ఆ లోటు కప్పిపుచ్చుతూ వచ్చింది. కన్ను మూయగానే గుట్టు బయటపడింది! కళ్ళు మూయించి నిలబెట్టే ఆ పరీక్షను నేటికీ వైద్యులు ఆయన పేరుతోనే చేస్తున్నారు.

ఇప్పుడు మా అమ్మమ్మ దగ్గరికి వద్దాం. ఆవిడకు పదేళ్ళుగా మధుమేహం ఉంది. ఆ జబ్బు చాలాకాలం ఉంటే పాదాల నాడులు మొద్దుబారవచ్చు. చెప్పు జారిపోయినా తెలియదు. అంటే మూడో వార్తాహరుడు సగం నిద్రలో ఉన్నాడు. చెవిలోని రోమకణాలు వయసుతో తగ్గుతాయి, అదీ అంతంత మాత్రమే. ఇక కన్ను. వయసుతోపాటు కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపురంగుకు తిరుగుతుంది. ఇరవై ఏళ్ళవాడి కంటి లోపలికి చేరే వెలుతురులో ఇంచుమించు మూడోవంతే అరవై ఏళ్ళవారి కంటికి చేరుతుంది. పైగా అమ్మమ్మకు ఎడమకంట్లో శుక్లం. పగలంతా ఆ కన్నే మిగతా ఇద్దరి పనీ మోస్తోంది. ఆ వేళ ఆవిడ లైటు వేసుకోలేదు.

రోంబెర్గ్ రోగుల్లాగే అన్నమాట!

అర సెకండు లెక్క

వార్తలు అందకపోవడం సగం కథే. అందాక ఏంచేశామన్నది మిగతా సగం.

నడిచేటప్పుడు గాలిలో ఉన్న పాదం నేలకు ఎంత ఎత్తున వెళుతుందో తెలుసా? అడుగు మధ్యలో బొటనవేలికీ నేలకూ మధ్య ఉండే సందు ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లే. మీరు కాళ్ళు బాగా ఎత్తి నడుస్తున్నామనుకుంటారు గాని, మీ నడకా అంతే. పట్టా అంచు లేచి ఉన్నా, గచ్చుపలక ఒకటి పైకి తేలినా తట్టుకోవడానికి అది చాలు. మీకూ రోజుకోసారైనా కాలు తట్టుకుంటూనే ఉంటుంది. కాకపోతే మీరు పడరు. ఎందుకు?

కాలు తట్టుకోగానే ఒళ్ళు ముందుకు తూలుతుంది. రెండోకాలిని చటాలున ముందుకు వేసి, మోకాలు బిగబట్టి, ఒంటి బరువంతా దానిమీద ఆపాలి. దీనికి గడువెంత? గరిమనాభి నేలకు 85 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోండి. అంత ఎత్తునుంచి వదిలిన వస్తువు నేలను చేరడానికి పట్టేది 0.4 సెకండ్లు. చేరేటప్పటి వేగం గంటకు సుమారు 15 కిలోమీటర్లు. (మీ భౌతికశాస్త్రం పుస్తకంలోని సూత్రంతో మీరే కట్టి చూసుకోండి.) మనిషి నిట్టనిలువునా రాలడు, ఒరుగుతూ పడతాడు గనుక వ్యవధి ఇంకాస్త ఉంటుంది, వేగం కొంత తగ్గుతుంది. ఎంత ఉన్నా అది కన్ను మూసి తెరిచేటంతే. సైకిలు వేగంతో తుంటి ఎముక వెళ్ళి గచ్చుకు కొట్టుకుంటుంది.

ఆ కొద్ది వ్యవధిలో కాలు ముందుకు పడాలంటే కండరానికి బలం ఒక్కటే చాలదు, చురుకుదనం కావాలి. మన కండరాల్లో మెల్లగా పనిచేసి అలసిపోని పోగులు కొన్ని, తటాలున బిగుసుకునే పోగులు కొన్ని ఉంటాయి. వయసు పైబడుతున్నకొద్దీ ముందుగా సన్నబడేవి ఈ రెండోరకమే! అందుకే కొందరు తాతయ్యలు నాలుగు మైళ్ళు నిదానంగా నడవగలరు గాని, కాలు తట్టుకుంటే తమాయించుకోలేరు.

కండరం మొత్తంమీద ముప్పై ఏళ్ళు దాటినప్పటినుంచీ కొద్దికొద్దిగా తగ్గుతూనే ఉంటుంది, అరవై దాటాక ఆ తరుగుదల జోరందుకుంటుంది. ఎముకలు గుల్లబారడం దీనికి తోడవుతుంది, స్త్రీలలో మరీను.

ప్రపంచమంతటా ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడంవల్ల చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అంచనా కట్టింది. ప్రమాదవశాత్తు తగిలే దెబ్బలవల్ల కలిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరవాతి స్థానం దీనిదే. రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త అని మీకు వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. వంటింటి గడప గురించి ఎవరైనా చెప్పారా?

మేము చేసిన పొరపాటు

ఇక మా ఇంట్లో జరిగిన అసలు పొరపాటు చెబుతాను. అది అమ్మమ్మ చేసింది కాదు, మేము చేసింది.

చేతికి కట్టుతో ఆవిడ ఇంటికి రాగానే అందరమూ జాగ్రత్తలు మొదలుపెట్టాం. "నువ్వు లేవకు అమ్మమ్మా, నేను తెస్తాను." మంచినీళ్ళు కుర్చీ దగ్గరికే. కాఫీ కుర్చీ దగ్గరికే. పెరట్లో మల్లెపాదుకు నీళ్ళు పోయడం ఆవిడ పని, అది మా తమ్ముడికి అప్పగించాం. ప్రేమతోనే చేశాం. ఆవిడా మొదట మురిసిపోయింది. మూడు నెలలకు మణికట్టు అతుక్కుంది. కట్టు విప్పిన రోజున చూస్తే, కుర్చీలోంచి ఒకరు చెయ్యి అందిస్తే గాని లేవలేకపోతోంది! విరిగింది చెయ్యి, పోయింది కాళ్ళు.

ఎందుకు? కండరం ఉపయోగించేకొద్దీ నిలుస్తుంది, మానేస్తే కరుగుతుంది. 2007లో అమెరికాలో ఒక పరిశోధన ప్రచురించారు. 67 ఏళ్ళ వయసు ప్రాంతపు ఆరోగ్యవంతులను, జబ్బూ గాయమూ ఏమీ లేనివారిని, పదిరోజులు మంచం దిగనివ్వకుండా ఉంచారు. తిండికి లోటు చెయ్యలేదు. ఆ పదిరోజుల్లోనే వాళ్ళ కాళ్ళలో కొవ్వుకాని కండ దాదాపు ఒక కిలో తగ్గిపోయింది. పది రోజులకే ఇంతైతే, మూడు నెలలపాటు కూర్చోబెట్టిన మా నిర్వాకం ఎంతో మీరే ఊహించండి.

ఇందులో ఒక విషచక్రం ఉంది. పడతామేమోనన్న భయంతో కదలరు. కదలకపోవడంతో కాళ్ళు చచ్చుబడతాయి. కాళ్ళు చచ్చుబడడంతో నిజంగానే పడతారు. ఆ తరవాత భయం రెట్టింపు.

మరి కరిగిన కండ మళ్ళీ వస్తుందా, ముసలితనంలో? ఇది మీరు బాగా గుర్తుపెట్టుకోవలసిన విషయం. 1990లో బోస్టన్ నగరంలో ఒక వృద్ధుల ఆసుపత్రిలో ఉంటున్న పదిమంది చేత ఎనిమిది వారాలపాటు కాళ్ళతో బరువులెత్తించారు. వాళ్ళ సగటు వయసు ఎంతనుకున్నారు? 90 ఏళ్ళు! పూర్తిచేసినవారి కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది, అంటే ఉన్నదానికి రెండున్నర రెట్లు దాటింది. ఇద్దరైతే చేతికర్రలు పక్కన పెట్టేశారు. తొంభయ్యో ఏట!

న్యూజీలాండులో ఓటాగో విశ్వవిద్యాలయంవారు ఇళ్ళలోనే చేసుకునే వ్యాయామాలు కొన్ని రూపొందించారు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడో బల్లో పట్టుకుని మునివేళ్ళమీద లేవడం, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు తగిలేలా గీతమీద నడవడం, ఇలాంటివే. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున. మొదట 80 ఏళ్ళు దాటిన స్త్రీల మీద 1997లో ఫలితాలు ప్రకటించారు. తరవాత జరిపిన పరీక్షలన్నీ కలిపి చూస్తే పడడాలు మూడోవంతుకు పైగా తగ్గాయి. 2019లో, పాతిక దేశాల్లో జరిగిన వందకు పైగా పరీక్షలను ఒకచోట చేర్చి చూసినవారికి, వ్యాయామం వల్ల పడడాలు 23 శాతం తగ్గినట్టు తేలింది. ఆ బృందానికి నాయకురాలైన ఆస్ట్రేలియా శాస్త్రవేత్త పేరు కేథీ షెరింగ్టన్. ఒంటి ఎరుకకు పేరు పెట్టిన పెద్దమనిషి ఇంటిపేరే! కాకతాళీయమే గాని, తమాషాగా లేదూ?

మన పెద్దవాళ్ళకు ఇందులో కొంత వ్యాయామం ఇదివరకు ఇంటిపనిలోనే అయిపోయేది. నేలమీద పీట వేసుకుని భోజనం, కింద కూర్చుని కూర తరగడం, లేవడం, మళ్ళీ కూర్చోవడం. లేచి కూర్చోవడమంటే ఒంటిబరువును తొడలతో ఎత్తడమే గదా! డైనింగు టేబులూ సోఫాలూ వచ్చి ఆ వ్యాయామం కాజేశాయి. అలాగని మోకాళ్ళ నొప్పులతో బాధపడుతున్న నాయనమ్మను నేలమీద కూర్చోమని పోరుపెట్టకండి. ఎత్తైన కుర్చీలోంచి లేవడమైనా చాలు.

మీరు చెయ్యగల పరిశీలన

రాత్రి పడుకునేముందు మీ తాతయ్య మంచం మీద కూర్చోండి. పాదాలు నేలకు ఆనుతున్నాయా, మంచం మరీ ఎత్తా? లైటు స్విచ్చి అక్కణ్ణుంచి అందుతుందా? ఇప్పుడు స్నానాలగది దాకా దారి చూడండి. ఫోను చార్జింగు తీగ, మీ బ్యాటు, మడతపడిన పట్టా, ఎవరో వదిలిన చెప్పులు, ఎన్ని కనబడ్డాయి? మా ఇంట్లో పన్నెండు అడుగుల దూరంలో ఏడు కనబడ్డాయి. వాటిలో నాలుగు నావే.

స్నానాలగది మీద ఎక్కువ దృష్టి పెట్టండి. నున్నని గచ్చుపలకమీద సబ్బునీళ్ళు పడితే పాదానికీ నేలకూ మధ్య ఘర్షణ ఏమీ మిగలదు. పెరట్లో నూతిచుట్టూ పట్టే పాకుడూ అలాంటిదే. గరుకు పలకలు వేయించడం పెద్దల పని, ఖర్చుతో కూడినది. రుద్ది కడిగి ఆరబెట్టడం మీరూ చెయ్యవచ్చు. గోడకు ఇనుప పట్టుకమ్మీ బిగించేటప్పుడు మాత్రం ఒక మాట: తువ్వాళ్ళు వేసుకునే సన్నని కమ్మీ దానికి పనికిరాదు. మనిషి బరువు పడితే మేకులతో సహా ఊడి వస్తుంది.

గడపకు పసుపు రాయడం ఏ ఉద్దేశంతో మొదలైందో గాని, మసక వెలుతురులో ఆ పసుపుపట్టీ బాగా కనబడుతుంది. నేలా మెట్లూ ఒకే రంగు రాయితో ఉన్న ఇళ్ళలో మెట్టు అంచు ఎక్కడో ముసలి కంటికి ఆనదు. ప్రతి మెట్టు అంచునా పసుపుపచ్చ రంగు గీత గీస్తే ఖర్చెంత? ఇంకొకటి. పైన దూరపు చూపు, కింద చదువుకునే చూపు ఉన్న కళ్ళజోడు పెట్టుకుని మెట్లు దిగేటప్పుడు కింది అద్దంలోంచే చూస్తారు. అది అరచేతి దూరానికి చేసిన అద్దం. పాదం దూరాన ఉన్నదంతా మసకే. శుక్లాల ఆపరేషన్ సంగతి కూడా వాయిదా వెయ్యకూడదు. ఇంగ్లండులో 70 ఏళ్ళు దాటిన స్త్రీలలో ఒక కంటికి ఆపరేషన్ చేయించినందుకే ఏడాదిలో పడడాలు మూడోవంతు తగ్గినట్టు 2005లో తేలింది.

మంచం దిగే పద్ధతీ ముఖ్యమే. పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా నెత్తురు కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోతుంది. వెంటనే రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెరిగి మెదడుకు నెత్తురు అందాలి. వయసుతో ఈ సర్దుబాటు ఆలస్యమవుతుంది. రక్తపోటు మాత్రలూ నిద్రమాత్రలూ దాన్ని ఇంకా ఆలస్యం చెయ్యగలవు. అందుకని మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, పాదాలు ఆడించి లేవాలి. మాత్రలు మాత్రం ఎవరూ సొంతంగా మానెయ్యకూడదు. అన్నీ ఒక సంచిలో వేసుకుని వైద్యునికి చూపిస్తే, ఏది తగ్గించాలో ఆయన చెబుతారు.

చేతికర్ర ఏ చేతిలో?

కుడి తుంటి నొప్పిగా ఉన్నవారు కర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? "కుడిచేత్తో" అంటారు చాలామంది. సినిమాల్లో కూడా అలాగే పట్టుకుంటారు. తప్పు! ఎడమచేత్తో పట్టుకోవాలి.

దీన్ని తక్కెడ లెక్కలో చూడండి. కుడికాలిమీద నిలబడి ఎడమకాలు ఎత్తినప్పుడు ఒంటిబరువు కుడి తుంటికీలు మీద తక్కెడలా వేలాడుతుంది. కీలుకు ఎడమపక్కన ఒంటి బరువు, కుడిపక్కన తుంటి కండరం లాగే బలం. కండరం కీలుకు చాలా దగ్గరగా, దాదాపు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంది. బరువు దూరం అంతకు రెండింతలు. అందుకని కండరం ఒంటి బరువుకు రెట్టింపు బలంతో లాగవలసి వస్తోంది. కీలుమీద ఆ రెండు బలాలూ కలిసి పడతాయి. ఇప్పుడు ఎడమచేతి కర్రతో నేలను 5 కిలోల బలంతో నొక్కారనుకోండి. కర్ర కీలుకు దాదాపు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 5ను 50తో గుణించి కండరం దూరమైన 5తో భాగించండి. కండరానికి 50 కిలోల భారం తగ్గింది! కర్ర కుడిచేతిలోనే ఉంటే ఈ లాభం రాదు. కర్ర పొడవు, చెయ్యి వేలాడేసినప్పుడు మణికట్టు మీది గీత దాకా ఉండాలి. అడుగున రబ్బరు తొడుగు అరిగిపోతే వెంటనే మార్చాలి.

ఇంకొక్క విషయం. స్వీడన్‌లో వృద్ధుల వసతిలో నడుస్తున్న 58 మందిని పరిశోధకులు మాటల్లోకి దించారు. పన్నెండుమంది జవాబు చెప్పడానికి నడక ఆపేశారు. తరవాతి ఆరునెలల్లో ఆ పన్నెండుమందిలో పదిమంది పడ్డారు. ఇది 1997 నాటి సంగతి. వార్తాహరులు నీరసించాక నడక తనంతట తాను సాగదు, ప్రతి అడుగునూ ఆలోచించి వెయ్యాలి. అలాంటప్పుడు మాటకు తీరిక ఎక్కడ? నాయనమ్మ మెట్లు దిగుతుంటే వెనకనుంచి "నాయనమ్మా!" అని కేకవెయ్యకండి. దిగాక పిలవండి.

అన్నీ చేసినా ఎప్పుడైనా పడవచ్చు. పడ్డవారిని గబుక్కున చంకలకింద చేతులేసి లేవదీయకండి. నొప్పి ఎక్కడుందో అడగండి. ఒక కాలు పొట్టిగా, పక్కకు తిరిగినట్టు కనిపించినా, తలకు దెబ్బ తగిలినా కదపకుండా పెద్దలను పిలిచి, 108కి ఫోను చెయ్యాలి.

కుర్చీ పరీక్ష

మా ఇంటికి ఫిజియోథెరపీ చేసే ఒకామె వచ్చింది. అమ్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, అక్కణ్ణుంచి మూడు మీటర్ల దూరంలో నేలమీద సుద్దతో గీత గీసింది. "లేచి, అక్కడిదాకా మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోండి పిన్నిగారూ" అంది. పక్కనే తాను నడిచింది. నేను ఫోనులో సెకండ్లు చూశాను. పన్నెండు సెకండ్లు గాని అంతకు మించి గాని పడితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్కట. అమ్మమ్మకు 21 పట్టింది. (మీ ఇంట్లో ఈ పరీక్ష చేస్తే పక్కన ఒక పెద్దవారు ఉండి తీరాలి. చేతికర్ర వాడేవారు కర్రతోనే నడవవచ్చు.)

మరునాటినుంచి పాఠం మొదలైంది. గోడకు ఆనించిన చేతులకుర్చీ, ముందర బల్ల. మొదటివారం రెండుసార్లు లేవడమే గగనమైంది. ఆవిడకు కోపం వచ్చి మధ్యలో ఒకరోజు మానేసింది కూడా. మళ్ళీ తనే మొదలుపెట్టింది. మల్లెలు పూసే రోజులు వస్తున్నాయి, తమ్ముడు నీళ్ళు సరిగా పొయ్యడం లేదని ఆవిడ అనుమానం.

2017 జూన్‌లో మళ్ళీ సుద్దగీత గీశాం. 13 సెకండ్లు. ఇంకా పన్నెండు లోపుకు రాలేదు. అయినా మరునాడు పొద్దున్నే చూద్దును గదా, చెంబుతో నీళ్ళు పట్టుకుని ఆవిడ పెరటి గుమ్మం దగ్గరుంది. గడప మీద లైటు వెలుగుతోంది. నేను ఆత్రంగా వెళ్ళి చెయ్యి పట్టుకోబోయాను.

"ఉండరా, గడప దాటనీ. మాట్లాడించకు" అంది.